మోటార్లనూ మనుషులనూ మింగుతున్న జాయింట్లు

ఎండలు ముదిరే కొద్దీ మన మెట్ట రైతు ధ్యాసంతా బోరు మీదే ఉంటుంది. దుత్తలూరు, ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు పల్లెల్లో బోరే ఆధారం. బోరులో నీరుండి, లైనులో కరెంటుండి కూడా పైరు ఎండిపోయే రోజులు ఉంటాయి. అవి మోటారు కాలిపోయిన రోజులు. కాలిన మోటారును పైకి లాగి రివైండింగు షాపులో వేస్తే మెకానిక్కు తరచుగా చెప్పేది ఒకటే మాట: ఒక ఫేజు పోయింది. ఆ ఫేజు ఎక్కడ పోయిందో వెతుక్కుంటూ వెనక్కి వెళితే చాలాసార్లు తేలేది ఒక జాయింటు. స్తంభం మీదో, ఫ్యూజు డబ్బాలోనో, స్టార్టరులోనో, బోరు లోపలో, రెండు తీగలు మెలేసి టేపు చుట్టిన ముడి అది.

2004 మే 14న రాజశేఖర రెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టిన నాటి నుంచి వ్యవసాయ కరెంటు మీద చర్చ ఆగలేదు. ఎన్ని గంటలు, పగలా రాత్రా, ఎన్ని యూనిట్లు, మీటరు పెట్టాలా వద్దా అని మన సంఘమూ ఆ చర్చలో ఉంది, ఇకముందూ ఉంటుంది. అయితే స్తంభం నుంచి మోటారు దాకా ఉన్న ఆ కొద్ది దూరంలో తీగకు తీగ ఎలా కలుస్తోంది అన్న ప్రశ్నను ప్రభుత్వం గానీ, పంపిణీ సంస్థలు గానీ, మోటార్ల కంపెనీలు గానీ పట్టించుకోలేదు. ఈ నెల ఆ ప్రశ్నను సభ్యుల ముందు పెడుతున్నాం. ఇది చిన్న విషయం కాదు. ఇందులో మన డబ్బు పోతోంది, పంట పోతోంది, ప్రాణాలూ పోతున్నాయి.

ముందు జాయింటు ఎందుకు కాలుతుందో చూద్దాం. అయిదు హెచ్‌పీ త్రీఫేజు మోటారు ఒక్కో ఫేజులో సుమారు ఏడున్నర ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. గట్టిగా బిగించిన జాయింటులో కరెంటుకు అడ్డు దాదాపు ఉండదు. అదే వదులై, తుప్పు పట్టి, అర ఓము అడ్డు ఏర్పడితే ఆ ఒక్క చోట సుమారు 28 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్కులు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే మన టేపు కింద ఒక సోల్డరింగ్ ఐరన్ గంటల తరబడి కాలుతున్నట్టే. ఇక మోటారు స్టార్టయ్యే క్షణంలో కరెంటు ఆరు రెట్ల దాకా లాగుతుంది. అప్పుడు అదే జాయింటులో వేడి వెయ్యి వాట్లు దాటుతుంది, ఇరవై వోల్టులకు పైగా అక్కడే పోతాయి. లో వోల్టేజి అని మనం ట్రాన్స్‌ఫార్మర్‌ను తిట్టే రోజుల్లో కొన్ని ఈ ముడి చేసిన పనే.

దీనికి తోడు లోహాల తేడా ఒకటి ఉంది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఎక్కువగా అల్యూమినియం. మోటారు కేబులు రాగి. అల్యూమినియం తీగ గీరిన కొద్దిసేపటికే దాని మీద కంటికి కనిపించని పొర కడుతుంది, ఆ పొర కరెంటును ఆపుతుంది. వేడికి అల్యూమినియం రాగి కంటే ఎక్కువ సాగుతుంది, చల్లారితే మళ్ళీ ముడుచుకుంటుంది. స్క్రూ కింద నలిగి మెల్లమెల్లగా పక్కకు జారుతుంది. పైగా రాగి, అల్యూమినియం నేరుగా తగిలిన చోట తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. అందుకే నిరుడు గట్టిగా బిగించిన స్క్రూ ఈ ఏడు వదులుగా దొరుకుతుంది. బిగించినవాడి చేతిలో లోపం లేదు. ఆ రెండు లోహాలను అలా కలపడంలోనే లోపం ఉంది.

ఒక ఫేజు జాయింటు పూర్తిగా తెగితే నడుస్తున్న మోటారు వెంటనే ఆగదు. మిగతా రెండు ఫేజుల మీద భారం వేసుకుని మూలుగుతూ తిరుగుతుంది. ఆ రెండింటి వైండింగు కాలేదాకా తిరుగుతుంది. బోరు లోపలి జాయింటైతే నష్టం ఇంకా పెద్దది. టేపులోకి నీరు దిగితే పైపులన్నీ పైకి లాగాలి, మళ్ళీ దించాలి. కూలి, బండి, రోజులు, ఎండే తోట అన్నీ రైతు లెక్కలోనే పడతాయి.

ఇప్పుడు ప్రాణాల సంగతి. దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు షాకుతో చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతున్నాయి. చేలో జరిగే ప్రమాదాల తీరు మనకు తెలిసిందే. కరెంటు పోయింది కదా అని జాయింటు విప్పుతారు. సగంలో ఉండగా కరెంటు వస్తుంది. లేదా రెండు ఫేజులు పోయి ఒకటి మిగిలి ఉంటుంది, మోటారు తిరగడం లేదు కాబట్టి కరెంటు లేదనుకుంటారు. లేదా ఆటో స్టార్టరు ఆన్‌లోనే ఉంటుంది. మర్నాడు వార్తలో ఒక ముక్క వస్తుంది: నిర్లక్ష్యం వల్ల రైతు మృతి.

ఈ మాటను మేము ఒప్పుకోం. ఒక పనిని సరిగ్గా చేయాలంటే ప్రత్యేకమైన పనిముట్టు, శిక్షణ, రెండు చేతులకూ వీలు, తగినంత వెలుతురు, తగినంత సమయం కావాలనుకుందాం. అవేవీ లేని చోట ఆ పని తప్పనిసరి చేసి, తప్పు జరిగితే చేసినవాణ్ణి అనడం న్యాయం కాదు. చేలో ఉండేది కటింగ్ ప్లేయరు, బ్లేడు, టెస్టరు, టేపు చుట్ట. అక్కడికి వచ్చే మెకానిక్కు దగ్గర కూడా అంతకంటే ఎక్కువ ఉండటం అరుదు. ఆ నాలుగు వస్తువులతో సరిగ్గా బిగించగలిగే కనెక్టరును తయారు చేసి అందించడం డిజైను చేసేవారి బాధ్యత, కొనేవారి బాధ్యత.

ఇది కుదరని కోరిక కాదు. తీగలు మెలేసి, సోల్డరింగ్ చేసి, టేపు చుట్టే రోజుల్లోనే, 1914లో, కెనడాలో విలియం మార్ అనే ఎలక్ట్రీషియన్ సోల్డరింగ్ అక్కర్లేకుండా నొక్కి పట్టే కనెక్టరును తయారు చేశాడు. తన పనిలో పడ్డ ఇబ్బందే ఆయనకు దారి చూపింది. 1951లో జర్మనీలోని మిండెన్ పట్టణంలో మొదలైన వాగో సంస్థ స్క్రూ బదులు స్ప్రింగుతో పట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఇప్పుడు చిన్న మీట ఎత్తి, తీగ పెట్టి, మీట దించితే చాలు. ఎంత గట్టిగా బిగించాలి అన్న ప్రశ్నే లేదు, ఆ లెక్క స్ప్రింగు చూసుకుంటుంది. అయితే ఆ మీట క్లిప్పు డబ్బా లోపల, దాని మీద రాసిన ఆంపియర్లకూ తీగ మందానికీ లోబడి పనికొచ్చేది. వానకూ, బోరు నీళ్లకూ అది కాదు.

అమెరికా అనుభవం కూడా మనకు పాఠమే. 1965 తర్వాత కొన్నేళ్ల పాటు రాగి ధర పెరగడంతో అక్కడ చాలా ఇళ్లకు అల్యూమినియం వైరింగు వేశారు. తర్వాత జాయింట్ల దగ్గర మంటలు మొదలయ్యాయి. 1972కు ముందు తయారైన అల్యూమినియం తీగ ఉన్న ఇళ్లలో కనెక్షన్లు అగ్నిప్రమాద స్థితికి చేరే అవకాశం రాగి తీగ ఇళ్ల కంటే 55 రెట్లు ఎక్కువని ఆ దేశ వినియోగదారుల భద్రతా కమిషన్ ప్రకటించింది. అక్కడ ఇంటివాళ్ల నిర్లక్ష్యం అని ఊరుకోలేదు. అల్యూమినియానికి తగిన కనెక్టర్లు ఏవో తేల్చి చెప్పారు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన దగ్గరే ఏబీ కేబులు వేసిన లైన్లలో తొడుగు గుచ్చి పట్టే కనెక్టర్లు వాడుతున్నారు. తీగ తొడుగు గీరే పని లేదు. కనెక్టరులోని పళ్లు తొడుగును గుచ్చుకుని లోపలి తీగను పట్టుకుంటాయి. దాని నట్టుకు తల ఉంటుంది. పానాతో తిప్పుతూ పోతే సరిపడా బిగువు రాగానే ఆ తల తెగి పడిపోతుంది. తల తెగిందంటే బిగింపు సరిపోయినట్టు, తెగలేదంటే పని మిగిలినట్టు. కింద నిలబడ్డ మనిషి కూడా చూసి చెప్పగలడు. మేము అడిగే డిజైను అంటే ఇదే. సరిగ్గా బిగిసిందో లేదో కంటికి కనపడాలి, తప్పుగా బిగించడం కష్టంగా ఉండాలి. వీధి లైనుకు దొరికిన ఈ సౌకర్యం రైతు మోటారు దాకా ఎందుకు రాకూడదు?

ఖర్చు ఎక్కువవుతుందని అంటారు. రాగికీ అల్యూమినియానికీ మధ్య పెట్టే బైమెటల్ లగ్గు, క్రింపింగు ఫెర్రూలు, నీరు దిగనివ్వని స్లీవు పదుల నుంచి వందల రూపాయల్లో దొరికేవి. రివైండింగు వేలల్లో ఉంటుంది. మనిషి ప్రాణానికి లెక్క లేదు. బిగించడం సులువైతే అందరూ స్తంభాలెక్కుతారని ఇంకొందరు అంటారు. జాయింటు మాటిమాటికీ ఊడిపోతేనే జనం స్తంభమెక్కుతారు. ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి నిలిచే జాయింటు ఉంటే ఎక్కే అవసరమే తగ్గుతుంది.

అందుకే మేము ఈ కింది డిమాండ్లు ముందుంచుతున్నాం.

ఒకటి, కొత్తగా ఇచ్చే, మార్చే ప్రతి వ్యవసాయ సర్వీసుకు స్తంభం దగ్గర రెండు లోహాలకూ సరిపడే కనెక్టర్లను పంపిణీ సంస్థే బిగించి ఇవ్వాలి. చేత్తో మెలేసిన జాయింటుతో సర్వీసు ఇవ్వకూడదు.

రెండు, పంపుసెట్లకు మీటరు డబ్బాలు పెట్టేచోట వచ్చే తీగలు నాలుగు, పోయే తీగలు నాలుగు, మొత్తం ఎనిమిది బిగింపులు కొత్తగా చేరుతాయి. అవి సర్వీసు వైరు మందానికి సరిపోయేవిగా, బిగువు తెలిసేవిగా ఉండాలి. డబ్బా మూత లోపల తెలుగులో బొమ్మతో సహా బిగించే పద్ధతి అతికించాలి.

మూడు, సబ్‌మెర్సిబుల్ మోటారు అమ్మే ప్రతి కంపెనీ దానితోపాటు ఫెర్రూళ్లు, స్లీవులు, తెలుగు సూచనలు ఉన్న జాయింటు కిట్ ఇవ్వాలి. స్టార్టరుకు లగ్గులు ఫ్యాక్టరీలోనే చేర్చి ఇవ్వాలి.

నాలుగు, లైన్‌మెన్లకూ, 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో పనిచేస్తున్న ఎనర్జీ అసిస్టెంట్లకూ క్రింపింగు పనిముట్టు, గ్లవ్స్, శిక్షణ ఇవ్వాలి. జాయింటు సరిగా లేక ప్రాణం పోగొట్టుకునేవారిలో వారూ ఉన్నారు. ఈ పోరాటంలో వారు మన వెంట ఉండాలి.

అయిదు, ఇలాంటి కనెక్టర్లను రూపొందించే పనిని మన ఐటీఐలు, పాలిటెక్నిక్కులు, ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులకు అప్పగించాలి. పరీక్ష మాత్రం లాబులో కాదు, చేలో జరగాలి. కరెంటు లేని తీగ మీద, చెమట చేతులతో, మసక వెలుతురులో, ఊరి మెకానిక్కు మొదటిసారే సరిగ్గా బిగించగలిగితే ఆ డిజైను పాసైనట్టు.

ఇవి సాధించేదాకా మనం చేయగలిగినవి మనం చేద్దాం. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ జోలికి ఎవరూ పోవద్దు, లైన్‌మెన్‌ను పిలవండి, 1912కు ఫోన్ చేయండి. స్టార్టరు దగ్గర మెకానిక్కు చేయి పెట్టే ముందు ఆటో స్విచ్ ఆపి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకోండి, మూడు ఫేజులూ టెస్టరుతో చూడండి, డబ్బా దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. టేపు నల్లబడినా, డబ్బా కరిగిన వాసన వచ్చినా చేత్తో తాకి చూడకండి, కరెంటు ఆపించండి. అల్యూమినియాన్నీ రాగినీ నేరుగా మెలేయనివ్వకండి. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేని స్టార్టరుకు అది పెట్టించండి. బోరు కేబులు జాయింటు వేసేటప్పుడు మూడు కోర్లనూ ఒకే చోట కాకుండా ముందూ వెనకా కత్తిరించి కలపమనండి. దించే ముందు జాయింటును బకెట్ నీళ్లలో ముంచి మెగ్గరుతో చూడమనండి.

జ్యేష్ఠంలో నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ల వచ్చేలోగా ప్రతి గ్రామ కమిటీ తన ఊరి పంపుసెట్లను చూసి రావాలి. మెలేసిన జాయింట్లు ఎన్ని, కాలిన డబ్బాలు ఎన్ని, ఈ ఏడు రివైండింగుకు పోయిన మోటార్లు ఎన్ని అన్నది నోటుబుక్కులో రాసి మండల కమిటీకి అందించాలి. ఆ లెక్కతో విద్యుత్ అధికారుల దగ్గరకు వెళదాం. తొమ్మిది గంటల కరెంటు ఇస్తున్నామని చెప్పే ప్రభుత్వం ఆ కరెంటు మోటారు దాకా క్షేమంగా చేరే ఏర్పాటు కూడా చేయాలి. అది చేయించుకునేదాకా అడుగుతూనే ఉంటాం.