పాతాళగంగకు ట్రిబ్యునల్ లేదు

నదీజలాల తగాదా వస్తే పార్లమెంటు ఉభయసభలూ దద్దరిల్లుతాయి. కృష్ణా, కావేరీ ట్రిబ్యునళ్ల పేర్లు పల్లె రైతుకు సైతం కంఠోపాఠం. కాని నేడు దేశంలో సేద్యానికి ప్రధానాధారం నది కాదు, గొట్టపుబావి. ఏటా మనం తోడుతున్న భూగర్భజలం సుమారు 245 ఘనపు కిలోమీటర్లని 2024 నాటి కేంద్ర అంచనా. అందులో దాదాపు 87 శాతం సాగుకే. మరే దేశమూ ఇంత తోడడం లేదు.

దేశం మొత్తం మీద ఇంకా మిగులే ఉన్నదని అధికారులు చెప్పవచ్చు. సగటు లెక్క మోసకారి. పంజాబులో ఏటా వాడుకోదగిన నీటికి ఒకటిన్నర రెట్లు పైకి వస్తున్నది. రాజస్థాన్, హర్యానాలదీ అదే దారి. గోధుమ రొట్టె తినే పంజాబు కేంద్ర ధాన్యసేకరణ కోసం వరి పండిస్తున్నది. మద్దతు ధర ఢిల్లీది; 1997లో మొదలైన ఉచిత విద్యుత్తు చండీగఢ్‌ది. (2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ బాటే పట్టింది.) ఇక రైతును నిందించి ప్రయోజనమేమి?

నేల ఎవరిదైతే దాని కింది నీరూ వారిదేనన్న 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం నీడ నేటికీ తొలగలేదు. కేంద్రం 1970లోనే రాష్ట్రాలకు నమూనా బిల్లు పంపింది. తర్వాత పలుమార్లు తిరగరాసింది. కొన్ని రాష్ట్రాలు చట్టాలైతే చేశాయి గాని, మోటారు ఆపించి ఓట్లు పోగొట్టుకునే సాహసం ఎవరు చేస్తారు?

2024 ఫిబ్రవరిలో పప్పుధాన్యాలు, మొక్కజొన్న, పత్తి అయిదేళ్లపాటు మద్దతు ధరకు కొంటామని కేంద్ర మంత్రులు ప్రతిపాదించగా, ఆందోళనలో ఉన్న రైతు సంఘాలు తిరస్కరించాయి. తిరస్కరించక ఏమి చేస్తాయి? వరికి దశాబ్దాల భరోసా ఉన్నది. మిగిలిన పంటలకు అయిదేళ్ల మాట మాత్రమే.