దిక్కుల మీద నేరము

పాత యింటిని కొనదలచినవాడు మొదట ఎవరిని పిలుచుచున్నాడు? మేస్త్రినా? వడ్రంగినా? దస్తావేజులు చదువనేర్చిన వకీలునా? కాదు, సిద్ధాంతిని పిలుచుచున్నాడు. సిద్ధాంతి దిక్సూచిని అరచేత బట్టుకొని, గుమ్మములో నిలిచి ఇటునటు తిరిగి, కనుబొమలు ముడివైచి, "నైరుతి పెరిగినదండీ" యనును. అంతటితో ఆ యింటి పరీక్ష ముగిసినది. గోడ చెమ్మను తడివి చూచినవాడు లేడు. దూలమును చెదలు తినుచున్నవో లేదో సుత్తితో తట్టి చూచినవాడు లేడు. ఆ యింటిపై హక్కు ఎందరికున్నదో విచారించినవాడు అంతకన్న లేడు. ఈ యాచారము మూఢమని చెప్పుట మాత్రమే మా యుద్దేశము గాదు. ఆ మాట చెప్పినవారు మాకు పూర్వము పలువురు కలరు. వీరేశలింగము పంతులుగారు 1874 లో వివేకవర్ధనిని నెలకొల్పి నూటయేబది యేండ్లు దాటినది. ఇది పూచీ పడవలసినవారిని తప్పించు ఆచారమని మేము చెప్పదలచితిమి.

రెండేండ్ల క్రిందట మేము సత్తుపల్లిలో ఒక పాత పెంకుటింటిని కొంటిమి. పడమటి ముఖము, వీధివైపున ఎత్తైన అరుగులు, లోపల టేకు స్తంభములతో చిన్న మండువా, పెరటిలో రాతికట్టు బావి. ఇల్లు పాతబడినదే గాని చెడినది కాదు. మాకంటె ముందు ముగ్గురు బేరమాడి వెనుదిరిగిరి. మొదటివాని సిద్ధాంతి పడమటి సింహద్వారమును తప్పుపట్టెను. రెండవవాని సిద్ధాంతి బావి ఆగ్నేయమున నున్నదనెను. మూడవవాని సిద్ధాంతి, ఎదుటి సందు గుమ్మమునకు సూటిగా వచ్చుచున్నది గావున వీధిపోటనెను. ఒకరు చెప్పిన దోషమును మరియొకరు చెప్పలేదు. వైద్యులు మువ్వురు ఒక రోగికి మూడు వేరు రోగములు చెప్పినచో మనము వైద్యులను శంకింతుము. ఇచ్చట మాత్రము ఇంటిని శంకించిరి. వెల తగ్గెను. ఆ తగ్గిన వెలకే మేము కొంటిమి. మూఢాచారమును నిందించు మేమే దానివలన లాభపడితిమని ఒక మిత్రుడు ఎత్తిపొడిచెను. నిజమే, బడిపంతులు జీతమునకు మరియొక విధముగ ఇల్లు దొరకదు.

వాస్తువు శాస్త్రము గదా, సంస్కృతము చదివినవారు మీరే కాదనవచ్చునా యని మమ్మడుగువారు కలరు. చదివితిమి గనుకనే అడుగుచున్నాము. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్యాధ్యాయము కలదు. అందు ఇంటిచుట్టును ద్వారమునకు ముప్పదిరెండు స్థానములు, ఒక్కొక్క దిక్కున ఎనిమిదేసి చొప్పున చెప్పబడినవి. నాలుగు దిక్కులందును మంచి స్థానములు కొన్ని, చెడ్డవి కొన్ని. పడమట గూడ సంతానమును ధనమును ఇచ్చు స్థానములు కలవని ఆయన వ్రాసెను. పడమటి గుమ్మమనగానే మొగము చిట్లించు సిద్ధాంతి ఏ గ్రంథమును చదివెనో మాకు తెలియదు. అంతేకాదు. ఆ యధ్యాయముననే నేలను పరీక్షించు పద్ధతులు చెప్పబడినవి. మూరెడు గొయ్యి త్రవ్వి, త్రవ్విన మన్నుతోనే మరల పూడ్చవలెను. మన్ను చాలకపోయిన నేల చెడ్డది, సరిపోయిన మధ్యమము, మిగిలిన మంచిది. లేదా గోతినిండ నీరు పోసి నూరడుగులు నడచి తిరిగి వచ్చి చూడవలెను. నీరు తగ్గకున్న నేల మంచిది. ఇది దైవజ్ఞత కాదు. నేల గుల్లయా గట్టియా యని తెలిసికొను మోటు పరీక్ష. నేటి ఇంజనీరును దీనిని చూచి నవ్వడు. మేమెరిగిన సిద్ధాంతులలో గొయ్యి త్రవ్వించినవాడు ఒక్కడును లేడు. పరీక్షను విడిచిపెట్టి భయమును మాత్రము ఉంచుకొన్నారు.

ఆ గ్రంథముననే మరియొకటి కలదు. బ్రాహ్మణుని యింటి వెడల్పు ముప్పదిరెండు మూరలు. తక్కిన వర్ణములకు క్రమముగ నాలుగేసి మూరలు తగ్గించుచు, కట్టకడపటివారికి పదునారు. నేల రంగును గూడ వర్ణమును బట్టియే: తెల్లనిది ఒకరికి, ఎఱ్ఱనిది ఒకరికి, పచ్చనిది ఒకరికి, నల్లనిది ఒకరికి. శాస్త్రమును శిరసావహింతుమనువారు దీనిని గూడ వహింతురా? వహింపరు, ఈ పుటను తిప్పివేయుదురు. ఒక పుటను తిప్పివేయ అధికారమున్నవానికి ప్రక్కపుటను తిప్పివేయ అధికారము లేదా?

యథా రాజా తథా ప్రజా యందురు. 2015 లో ముఖ్యమంత్రిగానుండిన కె. చంద్రశేఖరరావు గారు తెలంగాణ సచివాలయమునకు వాస్తుదోషము కలదని బహిరంగముగనే చెప్పిరి. అగ్నిప్రమాద భద్రత చాలదని వేరు కారణములును తరువాత చూపిరి, అవి విచారింపదగినవే. 2020 జూలైలో పాత భవనములను కూల్చ మొదలుపెట్టిరి. 2023 ఏప్రిల్ 30 న కొత్త సచివాలయమును తెరచిరి. ఆ యేడే డిసెంబరులో వారి ప్రభుత్వము పోయినది. వాస్తువు వలన పోయినదని మేమనము. ఓట్ల వలన పోయినది. ఓట్లకు కారణములుండును, వానిని వెదకవచ్చును. దిక్కులకు కారణములుండవు. ఆ కొత్త భవనమునకు పెట్టిన పేరు డాక్టరు బి. ఆర్. అంబేడ్కరుగారిది. వర్ణమును బట్టి ఇంటిని కొలిచిన విద్యకును ఆ పేరునకును గల దూరమును ఆనాటి పురోహితులలో ఎవరైన కొలిచిరో లేదో!

పెద్దలు గాలివెలుతురులను దృష్టిలో నుంచుకొనియే ఈ నియమములను చేసిరని సౌమ్యులు కొందరు చెప్పుదురు. సంతోషము. అట్లయిన గాలిని, వెలుతురును చూడుడు. మా యూరి వేసవిలో పడమటి యెండ ఎట్టిదో అందరెరుగుదురు. మా యింటిని కట్టినవాడు దానిని బాగుగ నెరిగి, పడమటివైపున లోతైన వసారా దించి, అరుగుల ముందు వేపచెట్టును పెంచెను. ఆ వసారాను పగులగొట్టి గుమ్మమును తూర్పునకు మార్చుమని మాకు సలహా వచ్చినది! ఉత్తర దక్షిణములుగ పోవు వీధిలో ఒక వరుస తూర్పును చూచును, ఎదుటి వరుస పడమరను చూచును. పడమటి వరుసవారందరును చితికిపోయిన వీధి తెలుగు దేశమున ఎచ్చటనైన కలదా?

ఇక గోడల సంగతి. మా పట్టణము నానుకొనియే జలగం వెంగళరావుగారి పేరిట సింగరేణివారి ఉపరితల గని కలదు. బ్లాస్టింగులకు ఇండ్లు అదరుచున్నవని, గోడలు బీటలు వారుచున్నవని చేరువ కాలనీల జనులు పలుమారులు ఆందోళన చేసియున్నారు. నల్లరేగడి నేలయైనచో అది వానకు ఉబ్బి, ఎండకు కుంగి, లోతులేని పునాదిని కదలించును. బీట యెట్లు పోయినదో, నిలువుగానా వాలుగానా, ఏటేట పెరుగుచున్నదా నిలిచినదా, బీటమీద సున్నపు ముద్ద అంటించి తేదీ వ్రాసి కనిపెట్టవలెను. ఆ పని చేసినవాని చేతిలో ఒక సాక్ష్యముండును. గనిని గాని, కట్టిన కాంట్రాక్టరును గాని, తన పునాదిని గాని అడుగగలడు. "ఈశాన్యము తెగినది, అందుకే బీట" యని నమ్మినవాడు ఎవరిని అడుగును? శాంతి చేయించుకొని ఊరకుండును. ఇంతకంటె పూచీదారులకు కావలసినదేమున్నది?

మా యింటికి బీటలు లేవు గాని క్రిందివైపు నడుములోతు చెమ్మ యుండెను. అది కుబేరస్థానమున దోషమనిరి. గోకి చూడగా సంగతి తేలినది. మట్టితో కట్టి సున్నము పూసిన గోడ అది; నడుమ ఎవరో దానిమీద సిమెంటు పూత వేసిరి. నేలనుండి గోడలోనికి ఎక్కిన తడిని సున్నము బయటికి పోనిచ్చును, సిమెంటు పోనీయదు. తడి లోపలనే నిలిచి మట్టిని మెత్తబరచుచుండెను. సిమెంటును ఒలిపించి, ఒక వేసవియంతయు గోడను ఆరనిచ్చి, మరల సున్నమే పూయించితిమి. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగ రాయివలె గట్టిపడును. తొందరపడువారికి అది పనికిరాదు. గానుగసున్నములో బెల్లము, కరక్కాయ నీరు కలుపు పద్ధతి తెలిసిన ముసలి మేస్త్రిని వెదకి పట్టుటకే రెండు నెలలు పట్టినది. పుచ్చిన వాసములను మార్చితిమి, పగిలిన పెంకులను ఏరివేసితిమి. చెమ్మ పోయినది. కుబేరుని కదల్చలేదు.

ఆ యింట మరుగుదొడ్డి లేదు. మా తల్లిగారికి డెబ్బదియెనిమిదేండ్లు. రాత్రివేళ పెరటిచివరకు దీపము పట్టుకొని పోవుట ఆమెకు సాధ్యము గాదు. మా పెరడు తూర్పున నున్నది. బావి ఆగ్నేయమూలన. బావికి అన్నిటికంటె దూరమైనదియు, నేల వాలినదియు ఈశాన్యమూల. గొయ్యి అచ్చటనే త్రవ్వవలెను. బుద్ధిగలవాడెవడైన ఆ మాటయే చెప్పును. కాని ఈశాన్యమున మరుగుదొడ్డి! మేస్త్రి మూడు దినములు పనిలోనికి రాలేదు. సిద్ధాంతి ఆగ్నేయపు బావినే పూడ్చివేయుమని, ఈశాన్యమున కొత్తది త్రవ్వుమని, మరుగుదొడ్డిని వీధివైపు వాయవ్యమున పెట్టుమని ఒక్క మాటలో మూడు ఖర్చులు చెప్పెను. నీరు పల్లమెరుగునే గాని పంచాంగమెరుగదు. గొయ్యి ఈశాన్యముననే త్రవ్వించితిమి. ఎన్ని యిండ్లలో దిక్కు కుదరలేదన్న నెపమున ఆడవారు తెల్లవారుజాము చీకటికొరకు కాచుకొని కూర్చుండవలసి వచ్చెనో, ఆ లెక్కను ఏ సిద్ధాంతియు వేయడు.

ఇంతకంటె పెద్దది చెప్పవలసియున్నది. ఇంటిని అమ్మినవారు అన్నదమ్ములిద్దరు. లేఖరి చిత్తులో ఇద్దరి పేర్లే వ్రాసెను. ఇల్లు తాతలనాటిది. "మీకు తోబుట్టువులు లేరా?" యని మేమడిగితిమి. పెద్దవాడు నవ్వి, "చెల్లెలుంది సారూ. పెళ్లి చేసి పంపించాం గదా, కట్నం ఇచ్చాం గదా" అనెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1986 నాటి చట్టమే కూతురికి కొడుకుతో సమానముగ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతో హక్కునిచ్చినది. కాని అప్పటికే పెండ్లియైనవారిని విడిచినది. 2005 లో కేంద్ర చట్టము సవరింపబడి ఆ భేదము పోయినది. తండ్రి 2005 నాటికి బ్రతికి యుండనక్కరలేదని 2020 ఆగస్టు 11 న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పూర్వమే చెల్లుబాటైన పంపకము జరిగియుండినచో వేరు మాట. ఇచ్చట ఏ పంపకమును జరుగలేదు. ముగ్గురు సిద్ధాంతులు ఆ యింటిలోని ప్రతి మూలను కొలిచిరి. ఆ యింటి ఆడపడుచు సంగతి ఒక్కరును అడుగలేదు. బేరమాడిన ముగ్గురు గృహస్థులును అడుగలేదు.

ఆమె సంతకము లేనిదే కొనమని మేము చెప్పితిమి. అన్నలకు కోపము వచ్చినది. వ్యవహారము నాలుగు నెలలు నిలిచిపోయినది. తుదకు ఆమె వేంసూరు దిక్కునున్న పల్లెనుండి వచ్చినది. "సంతకమా, వేలిముద్రా?" యని లేఖరి అడిగెను. "అయిదో తరగతి దాకా ఆ అరుగు మీదే చదువుకున్నాను" అని ఆమె కలము తీసికొని, అక్షరము వెంట అక్షరము దిద్దినట్లు తన పేరు వ్రాసెను. సొమ్ములో మూడవవంతు ఆమెకు రాలేదు. తానే తగ్గించుకొన్నానని ఆమె చెప్పినది. అందు ఆమె యిష్టమెంతయో, అన్నల మొగము చూచి మొగమాటమెంతయో మేము తేల్చలేకపోతిమి. ఇంతకంటె చేయవలసినదని ఇప్పుడనిపించుచున్నది. ఆ నాలుగు నెలల జాప్యమునకు కారణము పడమటి గుమ్మమేయని పెద్దవాడు నేటికిని చెప్పుకొనుచున్నాడు.

సత్తుపల్లి దాటి దమ్మపేట, అశ్వారావుపేటల దిక్కునకు పోయినచో షెడ్యూల్డు ప్రాంతపు గ్రామములు వచ్చును. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970 లో సవరించినది మొదలు అచ్చట స్థిరాస్తి గిరిజనునకే గాని ఇతరునకు చెల్లదు. గిరిజనేతరుడు గిరిజనేతరునకు అమ్మినను చెల్లదు. జనులు దీనిని వన్ ఆఫ్ సెవెంటీ యందురు. ఇల్లును స్థిరాస్తియే. అయినను తెల్లకాగితముమీద వ్రాసికొనియో, ఒక కోయవాని పేర పెట్టియో ఇండ్లు కొనువారు కలరు. వారును ఆయము చూతురు. ధ్వజాయమా వృషభాయమా యని లెక్క వేయింతురు. ముహూర్తమునకు పాలు పొంగింతురు. పరుల నేలమీద పొంగిన పాలకు ఏ దిక్కు మంచిది?

మమ్ము హెచ్చరించిన సిద్ధాంతులు ముగ్గురును బ్రతికియే యున్నారు. వారికి మా మనవి ఒక్కటే. ఈ యింటివలన మాకు రానున్న కీడు ఏది, ఎన్నడు, ఎవరికి అనునది కాగితముమీద వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి యిండు. దానిని వసారాలో పటము కట్టించి వ్రేలాడదీయుదుము. ఇదివరకు ఒకరిని అడిగితిమి. సంతకమనగానే ఆయనకు వేరు పని జ్ఞప్తికి వచ్చినది. తక్కిన ఇద్దరును రావచ్చును. గుమ్మము పడమటనే కలదు. ఎదుటి సందులో నుండి సూటిగా నడచిన మా అరుగే తగులును.