కాంతితో క్యాన్సర్‌కు చెక్.. కణితిలోకి మందు ఎంత చేరిందో తెలిసేదెలా? అనంతపురం ఎండతో చిక్కేంటి?

కాంతితో మందును పనిచేయించే క్యాన్సర్ చికిత్సే ఫోటోడైనమిక్ థెరపీ. అన్నవాహిక క్యాన్సర్‌కు ఫోటోఫ్రిన్ మందును అమెరికా ఎఫ్‌డీఏ 1995లోనే ఓకే చేసింది. మందు ఎక్కించిన 40-50 గంటలకు కణితిపై 630 నానోమీటర్ల ఎర్ర లేజర్ వేస్తారు.

చిక్కు ఎక్కడంటే.. డోసు ఒకటే అయినా అందరి కణితిలోకి మందు ఒకేలా చేరదు. తక్కువైతే కణితి మిగిలిపోతుంది, ఎక్కువైతే పక్క కణజాలం దెబ్బతింటుంది. అందుకే సన్నని ఫైబర్‌తో నీలి కాంతి వేసి, మందు నుంచి వచ్చే ఎర్రటి వెలుగును బట్టి ఎంత చేరిందో అంచనా వేస్తారు.

ఈ మందు చర్మంలోనూ ఉంటుంది. కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. ఏసీ ఆఫీసు వాళ్లకు ఇది జాగ్రత్త మాత్రమే. అనంతపురం వేరుశనగ చేలల్లో పనికెళ్లేవారికి మాత్రం నెల కూలి పోయినట్టే. అందుకే కణితిలో ఎంతుందన్నదే కాదు, చర్మంలో ఎంత మిగిలిందో కూడా కొలవాల్సిందే.