మౌఖిక పరీక్షయు మన యువజనులును

సివిలు సర్వీసు పరీక్షయందలి 2,025 మార్కులలో మౌఖిక పరీక్షకు 275 మార్కులు గలవు. వీనికై మన యువజనులు శిక్షణాలయములలో పరులు కూర్చిన ప్రత్యుత్తరములను చిలుకలవలె వల్లించుచుండుట శోచనీయము. ఇది అడ్డుప్రశ్నల విచారణ కాదనియు, సహజ సంభాషణయే యనియు యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషనువారు తమ ప్రకటనలయందే స్పష్టపరచియున్నారు. పరీక్షకుల యెదుట నుండునది అభ్యర్థి తానే నింపి పంపిన దరఖాస్తు. అందలి స్వస్థలము, విద్య, వ్యాసంగములనుండియే పెక్కు ప్రశ్నలు పుట్టును. గోదావరి తీరమునుండి పోయినవాడు 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టవలని లాభమెట్టిదో యెరుగక, విదేశ రాజకీయముల నేకరువు పెట్టిన నేమి ప్రయోజనము?

మరియొక విషయము. ఈ పరీక్షయందు తెలుగున ప్రత్యుత్తరము లిచ్చుటకు నిబంధన లంగీకరించుచున్నవి. ఇంగ్లీషు తడబాటుచే తెలిసిన సంగతిని దిగమ్రింగుటకంటె, దరఖాస్తునందే మాతృభాషను కోరుకొనుట మేలుగదా! ఇది హక్కేగాని యాచన కాదు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. శిక్షణరుసుములకై పొలము తాకట్టు పెట్టుటకు ముందు, మీ కుమారునిగాని కుమార్తెనుగాని ఆ పొలము గట్టున నిలిపి, నీరెక్కడిది, పెట్టుబడి యెంత, పంటకు ధర యెంత యని యడుగుడు. తెలియనిదానిని తెలియదని నిర్భయముగ జెప్పుట నేర్పుడు. ఆ శిక్షణకు రుసుము లేదు.