లైసెన్సులకీ ఓ ఆషాఢం ఉంది

ఆషాఢం వస్తే మా అమ్మ చీరల కొట్టుకి బయల్దేరుతుంది. పెళ్లిళ్లు లేని నెల, సరుకు కదలాలి, కొట్టువాడే ధర తగ్గిస్తాడు. ఈ లెక్క ఆమెకి ఎవరూ నేర్పలేదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొనే మన కాలేజీకి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

పోయిన మార్చిలో మా ప్రాజెక్టు సిమ్యులేషన్ సగంలో ఉండగా ల్యాబ్ లైసెన్స్ గడువు అయిపోయింది. రివ్యూకి నాలుగు రోజులే ఉంది. సార్‌ని అడిగితే, "మార్చి 31 లోపు బడ్జెట్ ఖర్చు చూపించాలి కదరా, అందుకే ఎప్పుడూ ఆఖర్లో కొంటాం. ఫైలు ఇంకా సంతకాల్లో ఉంది" అన్నారు.

అక్కడే నాకు మండింది. మార్చి 31 మన తొందర. మైక్రోసాఫ్ట్ ఆర్థిక సంవత్సరం ముగిసేది జూన్ 30న, ఒరాకిల్‌ది మే 31న. జూన్ 29న పడిన ఆర్డర్ సేల్స్‌వాళ్లకి ఈ ఏడాది టార్గెట్‌లోకి వస్తుంది, జులైలో పడితే రాదు. వాళ్లు బేరానికి దిగొచ్చేది అప్పుడు. మార్చి 28న ఫోన్ చేసి "మూడు రోజుల్లో బిల్లు కావాలి" అనేవాడికి ఎవరు తగ్గిస్తారు? ఇక్కడి డీలర్‌కీ మార్చే ఏడాది ముగింపు కదా అంటారేమో. నిజమే, కానీ అతని చేతిలో ఉండేది తన మార్జిన్ వరకే. పెద్ద తగ్గింపుకి కంపెనీ ఒప్పుకోవాలి.

ఇంకో తప్పు, ముక్కలుగా కొనడం. వాల్యూమ్ లైసెన్సింగ్ అంటేనే ఎక్కువ కొంటే రేటు తగ్గడం. మనమేమో ఒకే సాఫ్ట్‌వేర్‌ని మెకానికల్‌కి ఆగస్టులో 30, ఈసీఈకి డిసెంబర్‌లో 40, మాకు మార్చిలో 60 కొంటాం. 130 కొన్నా మూడుసార్లూ చిన్న కస్టమర్లమే. పైగా మార్చి ఆఖర్లో మొదలైన ఏడాది లైసెన్స్‌లో మే నెలంతా ల్యాబ్‌కి తాళమే. ఆ డబ్బు మన ఫీజుల్లోదే.

నేననేది ఇంతే. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ రాగానే అన్ని బ్రాంచీల లెక్కా ఒకచోట చేర్చి, ఏ కంపెనీకి ఏడాది ఎప్పుడు ముగుస్తుందో చూసుకుని, దానికి నెల ముందే కొటేషన్లు తెప్పించాలి. లైసెన్స్ మాత్రం జులై నుంచి మొదలయ్యేలా రాయించుకోవాలి. ఈ ఒక్కసారికి మధ్యలో మూడు నెలల పొడిగింపు అడగాల్సి వస్తుంది, అదీ బేరంలో భాగమే.

ఇదంతా ఒక పేజీలో రాసి హెచ్‌ఓడీ గారికి ఇచ్చాను. శ్రద్ధగా చదివారు. "బావుందోయ్, మార్చిలో ఒకసారి గుర్తు చెయ్" అన్నారు.