విల్లు విరిచే రూల్ ఎవరి వైపు?



విశాఖ హాస్టల్‌లో ఆదివారాలు మేము డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. పాచికలు వేసి, కథ చెప్పుకుంటూ ఆడే ఆట. ఏజెన్సీ నుంచి వచ్చిన తమ్ముళ్లలో ఎక్కువమంది విలుకాడి పాత్రే తీసుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాం.

2003లో వచ్చిన 3.5 ఎడిషన్‌లో ఎదుటివాడి ఆయుధం విరగ్గొట్టడానికి 'సండర్' అనే రూల్ ఉంది. విరగ్గొట్టబోతే ముందు ఎదుటివాడికి ఒక దెబ్బ కొట్టే అవకాశం వస్తుంది. తర్వాత ఇద్దరూ పాచిక వేయాలి. బాగానే ఉంది కదా? కానీ ఆ దెబ్బ దగ్గర నుంచి కొట్టే ఆయుధంతోనే కొట్టాలి. చేతిలో విల్లు మాత్రమే ఉన్నవాడికి ఆ అవకాశం లేనట్టే! పైగా విల్లుకి గట్టిదనం 5, ప్రాణం 5. అంటే ఒక్క దెబ్బకి 10 డ్యామేజీ పడితే విల్లు ముక్కలే. ఇక తమ్ముడు సాయంత్రమంతా చూస్తూ కూర్చోవాలి.

"ఆటే కదా, ఎందుకింత?" అంటారు కొందరు. కత్తి పట్టినవాడిని మనసులో పెట్టుకుని రాసిన రూల్, విల్లు పట్టినవాడికి న్యాయం చేయదు. ఆటలోనైనా, బయటైనా. ఏకలవ్యుడిని బొటనవేలు అడిగినప్పుడు, ఆయనకి పాచిక వేసే అవకాశం ఎవరిచ్చారు?

మా మాట ఒకటే. రూల్ తీసేయొద్దు, సరిచేద్దాం. దెబ్బ పడకముందు ఒక అడుగు వెనక్కి వేసే హక్కు విలుకాడికి ఉండాలి. తొలి దెబ్బకి విల్లు విరగకూడదు, నారి తెగినట్టు లెక్కేయాలి. కొత్త నారి కట్టుకోవడానికి ఒక టర్న్ ఇవ్వాలి. ఆట నడిపేవాళ్లు ఇదంతా మొదట్లోనే చెప్పేయాలి.

మీ హాస్టళ్లలో ఎలా ఆడుతున్నారో కింద రాయండి. జై ఆదివాసీ.