భక్తపురము నేర్పు పాఠము

నేపాళమునందలి భక్తపురమును జూచివచ్చిన మనవారు "ఎంత ప్రాచీనము!" అని మెచ్చుకొని యూరకుందురు. ఈ మెప్పు చాలదని మా యభిప్రాయము. నేవారుల చేతులు నేటికిని పనిచేయుచున్నందుననే యా పురము నిలిచియున్నది.

1702లో భూపతీంద్రమల్లుడు కట్టించిన ఐదంతస్తుల న్యాతపోల దేవళము 1934, 2015 భూకంపములు రెంటికిని కూలలేదు. సమీపముననే యున్న వత్సలాదేవి యాలయము 2015లో నేలమట్టమయ్యెను. దానిని మరల నెత్తినదెవరు? తక్కువకు టెండరు వేసిన కంట్రాక్టరా? కాదు. ఊరివారి సంఘమును, వడ్రంగులును, ఇటుకపనివారును! నిబంధనలతో వచ్చిన జర్మనీ ధనమును సైతము 2018లో నచ్చటి పురపాలక సంఘము నిరాకరించెను.

కాఠ్మండులోని రాణీపోఖరి కథ వేరు. ఆ ప్రాచీన తటాకమున కంట్రాక్టరు సిమెంటు దింపెను. పౌరులు తిరుగబడిన పిదపగాని యా పని యాగలేదు.

సిమెంటు చౌక యనువారిని మేమొక్కటి యడుగుదుము. కిటికీ చెక్కువాని కూలి నేడు కోసినచో, రేపు వాని కుమారుడు ఉలి పట్టునా? పట్టనినాడు పూజారీ మఠపు మయూరగవాక్షము వంటిది ఎంత ధనము పోసిన దొరకును? కంట్రాక్టు లేనిచో లెక్కలు తప్పునందురు. ఇరుగుపొరుగు కన్నులయెదుట జరుగు పనికి మించిన లెక్క యేది?

యాత్రికులారా! పటములు దీసికొని మరలిపోకుడు. కుమ్మరివాడలో నొక కుండ కొనుడు. కొయ్యపనివానితో గీచి గీచి బేరమాడకుడు. శిల్పి యాకలిగొన్న నగరము ఎన్నాళ్లో నిలువదు.